కాశీయాత్రకి కొన్న షూస్

మా వైశ్యుల ఇళ్ళలో మేనరికం ఉందంటే బయటి సంబంధం చూడరు. మా మేనత్త కొడుకు వరుణ్ బావకి ఇద్దరు మేనమామలు. పెద్దమావయ్య కూతురు హర్షితక్క. చిన్నమావయ్య కూతుర్ని నేను, ఇంద్రజని. వరస ఇద్దరికీ ఉంది, మనసు పడింది మాత్రం నేనొక్కదాన్నే. అయినా పెద్దింటి పిల్ల ఉండగా చిన్నింటి పిల్లని ఎవరడుగుతారు? అక్కకి ముహూర్తం పెట్టేశారు.

పెళ్ళిలో కాశీయాత్రకి బయల్దేరే పెళ్ళికొడుక్కి గొడుగు, చెప్పులు ఆడపిల్లవాళ్ళే పెట్టాలి. మా బావగారికి చెప్పులు కంటికి ఆనవట. పెళ్ళయ్యాక కూడా రోజూ వేసుకు తిరగడానికి పాతకాలం మోడల్ బాస్కెట్‌బాల్ షూస్, అందులోనూ చీలమండ కిందికి ఉండే లో-టాప్ కావాలట. "బావ టేస్ట్ నీకే తెలుసు కదే, తోడు వెళ్ళు" అని అక్క నన్ను పంపింది. ఈ పెళ్ళి వద్దని నాతో ఒక్క మాట అంటాడేమోనని వెళ్ళాను. సిగ్గులేని ఆశ.

రాజమండ్రిలో షాపతను జతలు తెచ్చి ముందు పెట్టాడు. బావ తెల్లవి తొడిగాడు.

"బాగున్నాయా?"

"తెల్లవి మన వానలకి ఎన్నాళ్ళుంటాయి? ఆ నూగునూగుగా ఉన్న స్వేడ్ తోలువి అసలొద్దు, బురద పడితే పోదు. ఆ మీగడరంగు లెదర్‌వి వేసుకో. జీన్స్ మీదకీ, ఆఫీసు ప్యాంటు మీదకీ పనికొస్తాయి."

అవి తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ నడిచాడు. ఎంత బాగున్నాడో. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వీటితో కాశీకి బయల్దేరితే మీ గణేష్‌బాబేగా నన్ను ఆపేది? హర్షితకి అన్నదమ్ముల్లేరు కదా" అని నవ్వాడు.

గణేష్‌బాబు మా తమ్ముడు. బావమరిది వరసవాడు ఎదురెళ్ళి, కాశీకి వద్దు, మా అమ్మాయిని చేసుకోమని బతిమాలి వెనక్కి తేవాలి. అది మా పద్ధతి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగేశాను.

"ఆపొద్దని తమ్ముడికి చెప్తాను బావా. వెళ్ళిపో. నేనూ వస్తాను."

నవ్వు ఆగిపోయింది. వంగి లేసులు విప్పాడు, మళ్ళీ కట్టాడు. అతనికి తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు.

"ఇంద్రా, వేలు కొంచెం తగుల్తోంది. ఒక సైజు పెద్దది ఉందేమో అడుగు" అన్నాడు, తల ఎత్తకుండా.

షాపతని దగ్గరికి వెళ్ళి, "వీటిలోనే తొమ్మిదో నంబరు ఇవ్వండి, పెళ్ళికొడుక్కి" అన్నాను.