డబ్బాలో సూది ఎవరిదో

ఇలా దగ్గరికి జరుగు బంగారం, కాళ్ళు ముడుచుకుని కూర్చో. పిట్ట సంగతి చెబుతాను.

పిట్ట అంటే ఓ ఆసుపత్రిలో నర్సమ్మ. మనిషి పుల్లలా ఉండి మంచాల మధ్య తుర్రుమని తిరిగేదని రోగులే పెట్టారా పేరు. మొగుడు పోయాడు. ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్త, అందరి పొట్టలూ ఆమె జీతం మీదే. ఆ ఉద్యోగం ఊడిందా, ఇల్లంతా వీధిన పడ్డట్టే.

అక్కడ వాడేసిన సూదులు వేయడానికో గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉండేది. ముప్పావు నిండగానే మూత బిగించి పంపేయాలి. కానీ కొత్త డబ్బా అడిగితే మేనేజరు మొహం మాడ్చుకునేవాడు. "అప్పుడే నిండిందా? సూదులు నంజుకు తింటున్నారా?" అనేవాడు. అందుకని నర్సులందరూ డబ్బాని కుదిపి, సూదులు కిందికి సర్దుకున్నాక మళ్ళీ వేసేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేదే అది.

ఒకరోజు పిట్ట అలాగే కుదుపుతుంటే, పైకి లేచిన సూది ఒకటి బొటనవేల్లో దిగింది. సబ్బుతో కడుక్కుని మేనేజరు దగ్గరికి పరుగెత్తింది.

"ఎవరి సూది?" అన్నాడు.

"డబ్బాలోదండీ. అందరివీ ఉన్నాయి."

"ఫలానా రోగిది అంటే ఆయన రక్తం పరీక్ష చేయిస్తాం. డబ్బాకి రక్తం ఎక్కడ తీయమంటావమ్మా?"

సూది ఏ రోగిదో తెలియదు కాబట్టి, ఎయిడ్స్ లాంటి జబ్బు అంటుకోకుండా డాక్టరు మందులు వెంటనే మొదలుపెట్టమన్నాడు. ఖర్చు మాత్రం ఆమెదే. ఆ మాత్రలు వేసుకుంటే అన్నం వాసనకే వాంతి. పిల్లల్ని ముద్దుపెట్టుకోవాలంటే భయం. ముద్దుతో ఆ జబ్బు అంటదని రోగులకి తనే చెప్పేది, అయినా భయమే. నాగాలు పెరిగాయి, జీతంలో కోత పడింది. చివరికి మేనేజరు "పరీక్షల్లో తేలేదాకా ఇంట్లోనే ఉండు" అన్నాడు. జీతం లేకుండా.

పిట్ట వదిన, అంటే మొగుడి అక్క, అదే ఆసుపత్రిలో ఊడ్చేది. సాయంత్రాలు గిన్నెలో అన్నం తెచ్చేది.

"తిను. నువ్వు పోతే మా అమ్మని నేను మోయాలి, నాకంత ఓపిక లేదు."

"నీ ప్రేమ చల్లగుండ, వదినా." పిట్ట నవ్వింది. "నన్ను మళ్ళీ తీసుకుంటారంటావా?"

వదిన గిన్నె కడిగే వంకన లేచి వెళ్ళింది.

నెలలు గడిచాక, రక్తంలో ఏమీ లేదని ఆఖరి పరీక్షలో తేలింది. పిట్ట ఆ కాగితం పట్టుకుని వెళ్ళింది.

"సంతోషం," అన్నాడు మేనేజరు. "నీ చోట్లో వేరే అమ్మాయి చేరిందమ్మా."

ఇంకో ఆసుపత్రికి వెళితే వాళ్ళు పాతచోటికి ఫోను చేసేవాళ్ళు. ఆ అమ్మాయికి జాగ్రత్త లేదు, చెయ్యి జారి పొడుచుకుంది అని జవాబు వచ్చేది. కొత్త డబ్బాలు ఇవ్వకే అందరూ కుదిపేవాళ్ళన్న నిజం వదినకి తెలుసు. నోరు విప్పితే ఆమె చేతిలో చీపురు కూడా పోతుంది, అప్పుడు రెండిళ్ళూ పస్తే. విప్పలేదు. పిట్టా అడగలేదు.

ఇప్పుడు బట్టల కొట్లో మడతలు పెడుతోంది. ఆ డబ్బు అత్త మందులకే చాలదు. పెద్దపిల్ల బడి మానేసి నాయనమ్మ మంచం దగ్గర కూర్చుంటోంది.

గుర్తుపెట్టుకో బంగారం. ఎప్పుడైనా నలుగురిలో పిట్ట మాట వస్తే నువ్వే చెప్పాలి. చెయ్యి జారిందని మాత్రం చెప్పకు.