వైశాఖ బహుళ పంచమికి నకలు

పొద్దున పదింటికి సత్యవేణి ప్రెస్సు తలుపు తీసేసరికి వచ్చే సంవత్సరం కంప్యూటరులోంచి కారుతోంది. టేబులు కింద అప్పటికే ఒక మంగళవారం మడుగు కట్టింది. ఆమె చెప్పులు విడిచి, కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఆ మంగళవారాన్ని దాటి వెళ్ళి కుర్చీలో కూర్చుంటుంది.

రాజమండ్రిలో ఆ ప్రెస్సు వేసేది పంచాంగాలే. సిద్ధాంతిగారు గుణించి ఇచ్చిన తిథులన్నీ కంపోజు చేసేది సత్యవేణి. వచ్చే ఉగాది నుంచి ఆ పై ఉగాది దాకా ఉన్న రోజులన్నీ ఇప్పుడు ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. అదేమో వారం నుంచి కీచుమంటోంది. ఇవాళ చీలింది.

మిగతా రోజులు ఏ గంగలో కలిసినా ఆమె ఏడ్చేది కాదేమో. వైశాఖ బహుళ పంచమి మాత్రం ఆమెది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు కడుపు పండింది, ఇప్పుడు నాలుగో నెల. డాక్టరమ్మ చెప్పిన తేదీకి సరిగ్గా ఆ పంచమే పడింది. ఆ రోజు కాస్తా పోతే బిడ్డ ఎక్కడ పుట్టాలి?

"సిద్ధాంతిగారూ, కొత్త డిస్కు తెచ్చానండీ. మొత్తం దీంట్లోకి ఎక్కించేస్తాను."

ఆమె వెనకే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్న సిద్ధాంతిగారు కళ్ళజోడు సవరించుకుని ఈ ఏటి పంచాంగం తిరగేస్తారు.

"ఆగమ్మాయ్. పదకొండు నలభై దాకా వర్జ్యం. వర్జ్యంలో మొదలెట్టిన పని ఒడ్డెక్కదు."

"ఈలోగా రోజులు కారిపోతున్నాయండీ!"

"కారనీ. ఎంత కారినా సంవత్సరం సంవత్సరమే."

పంచాంగం వేసే ప్రెస్సులోనే పంచాంగం కాదంటే ఇంకేమైనా ఉందా! సత్యవేణి కూర్చుంటుంది. లేస్తుంది. మళ్ళీ కూర్చుంటుంది. కాలుగాలిన పిల్లిలా గది నాలుగు మూలలూ తిరిగి, బాత్రూములోంచి బకెట్టు తెచ్చి కంప్యూటరు కింద పెడుతుంది. చైత్రమాసం అందులోకి చుక్కచుక్కగా పడుతూ వేపపూత వాసన వేస్తోంది. ఒక ఆదివారం మాత్రం గడప దాటి వీధిలోకి పోతుంది. ఎదురు ఇస్త్రీ బండి అతను దాన్ని ఎత్తి, నీళ్ళు పిండి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి జేబులో పెట్టుకుంటాడు.

"ఓయ్, అది మాదయ్యా!"

"నాకు ఆదివారాలు లేవండి," అంటాడతను, బొగ్గులు విసురుకుంటూ.

పదకొండు నలభై ఒకటికి సిద్ధాంతిగారు కొత్త డిస్కుకి కుంకుమ బొట్టు పెడతారు. సత్యవేణి రెండు డిస్కులకూ మధ్య వైరు తగిలించి, "మొత్తం" అన్న చోట నొక్కుతుంది. బకెట్టులోని రోజులు కూడా లేచి, ఒళ్ళు దులుపుకుని, వరసలో నిలబడతాయి. ఒక్కొక్కటీ తన సూర్యోదయాన్ని చంకన పెట్టుకుని వైరు మీద నడిచి అవతలికి పోతుంది. ఒక్కో పక్షం దాటేకొద్దీ వైరు సాగుతోంది, దాంతోపాటు గదీ సాగుతోంది. వైశాఖ పున్నమి నాటికి కొత్త డిస్కు అటు చివర ఆవగింజంత కనబడుతోంది.

బహుళ చవితి దాటాక వరస ఆగిపోతుంది.

"ఈ రోజు చదవడం కుదరలేదు. వదిలేయాలా?" అని అడుగుతోంది కంప్యూటరు.

సత్యవేణి మళ్ళీ నొక్కుతుంది. మళ్ళీ అదే మాట. ఆ గంటన్నర కూర్చోకుండా ఉంటే పంచమి దక్కేదేమోనని ఒళ్ళు మండిపోతుంది.

"వదిలెయ్ అమ్మాయ్," అంటారు సిద్ధాంతిగారు. "క్షయతిథి అని వేసేద్దాం. ఏటా కొన్ని తిథులు క్షయం కావడం శాస్త్రమే కదా."

"శాస్త్రానికి నెలలు నిండవండీ. నాకు నిండుతాయి."

"ముందురోజు కను, పోనీ."

"ముందురోజు వేరేవాళ్ళ పిల్లలుంటారు."

ఇది సబబుగానే తోచి సిద్ధాంతిగారు చేతిలోని పంచాంగం మూసేస్తారు. కంప్యూటరు కొంతసేపు కీచుమని, కొత్త ప్రశ్న వేస్తుంది. "దీని బదులు ఏ రోజు పెట్టను?"

ఇచ్చేందుకు ఆమె చేతిలో ఉన్నది ఒకటే రోజు. "ఇవాళ" అని టైపు చేస్తుంది.

"ఇవాళ్టిని ఇచ్చేస్తే మనం ఎక్కడ ఉంటాం తల్లీ?"

"నాకేం తెలుసండీ. ముందు బిడ్డకి ఉండాలిగా," అని నొక్కేస్తుంది.

ఇవాళ కదులుతుంది. ఎదురు బండి మీది పొగ, వీధిలో ఆటో హారను, చల్లారిన టీ, సిద్ధాంతిగారి కుర్చీ, అందులో సిద్ధాంతిగారు, అన్నీ వరసగా వైరెక్కి వెళ్ళిపోతాయి. గదిలో వెలుగూ లేదు, చీకటీ లేదు. సత్యవేణి పొట్ట తడుముకుంటుంది. అది ఖాళీగా, చదునుగా ఉంది. ఆమెకు భయం వేస్తుంది. పద్నాలుగేళ్ళ ఎదురుచూపులో ఏనాడూ ఇంత భయం ఎరగదు.

అప్పుడు గది అటు చివర కేరుమన్న ఏడుపు వినబడుతుంది.

ఆమె పరిగెడుతుంది. రోజే లేదు కాబట్టి ఎంతసేపు పరిగెత్తిందో చెప్పడానికి లేదు. కొత్త డిస్కు అంచున వేలు పట్టేంత కన్నం ఉంది. అందులోంచి వైశాఖపు వడగాలి మొహానికి కొడుతోంది. ఆమె చిటికెన వేలు లోపలికి పెడుతుంది.

లోపలినుంచి ఒక చిన్న గుప్పిట ఆ వేలిని పట్టుకుని లాగడం మొదలుపెడుతుంది. గాజులు ఇవతలే రాలిపోతాయి. మణికట్టు, మోచెయ్యి, భుజం లోపలికి వెళ్తాయి. సత్యవేణి మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని, కళ్ళు మూసుకుని, తల వంచుతుంది.

"తల వస్తోంది, ఇంకాస్త లాగు నాన్నా," అంటోంది లోపల ఎవరో ఆడమనిషి, పసిబిడ్డతో.