పదిహేడో బల్ల మడత

ప్రూఫులు దిద్దే పెద్దమనిషి మానిటర్‌ని దుప్పటిలో చుట్టి, పసిపిల్లను మోసినట్టు రెండు చేతులతో పట్టుకుని షాపులోకి వచ్చాడు.

“మా పిల్లి పడేసింది,” అన్నాడు బల్ల మీద పెడుతూ.

“ఏ పిల్లండీ, రెండు కాళ్లదా?” అన్నాడు మా బావమరిది.

“నాలుగే బాబూ. నమ్మకపోతే రేపు తీసుకొస్తా, నువ్వే అడుగు.” తర్వాత నావైపు తిరిగాడు. “నా కళ్లు అంతంతమాత్రం. తెర మూలన కాస్త వెలుతురు కారినా నాకు అక్షరాలు అలుక్కుపోతాయి. జాగ్రత్తగా చూడండి.”

షాపు బావమరిదిది. మానిటర్లు తయారుచేసే మా ఫ్యాక్టరీ మూతపడిన వారంలోనే ఫోన్ చేసి, “బావా, నీకో బల్ల ఖాళీగా పెట్టాను” అన్నాడు. అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. నా పని స్క్రీన్ల అంచులు చూడడం. స్క్రీన్ వెనక దీపాలుంటాయి, ముందు గాజు ఉంటుంది. ఆ వెలుతురు గాజులోంచి తప్ప ఇంకెటూ రాకుండా నాలుగంచులా నల్ల టేపు అంటిస్తారు. టేపు లేచిన చోట వెలుతురు బయటికి కారుతుంది. తెర మొత్తం నల్లగా ఉన్నప్పుడు మూలన బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. అక్కడే గాజు ఇనప చట్రానికి రాసుకుని పెచ్చులు కూడా లేస్తుంది.

పైనున్న ప్లాస్టిక్ చట్రం ఒక మూల పగిలింది. లోపల గాజు కూడా పోయి ఉంటుందనుకుంటూ విప్పాను. గాజు మూల చెక్కు చెదరలేదు.

టేపు అక్కడ కోసి లేదు. లోపలికి మడిచి ఉంది. మడత మీద బొటనవేలి గోటితో నొక్కిన గుర్తు. వెనక స్టిక్కర్ మీద బల్ల నంబరు పదిహేడు.

పదిహేడో బల్ల నా భార్యది.

ఆమె పోయి మూడేళ్లయింది. ఫ్యాక్టరీలో ఆమె టేపు అంటించేది, నేను తనిఖీ చేసేవాణ్ణి. పద్ధతి ప్రకారం మూల దాకా వచ్చాక టేపు కోసేయాలి, రెండో ముక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఆమె కోసేది కాదు. గోటితో నొక్కి, మడిచి, అదే టేపుని మూల తిప్పేది. మూలకి ఆరు సెకన్లు ఎక్కువ పట్టేది, మడత మందం కొలతకి మించేది. పైవాళ్లు నన్ను నిలదీశారు. పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడని ఎవరూ అనకూడదని, అందరూ చూస్తుండగా ఎర్ర చీటీ రాసి ఆమె బల్లకి అంటించాను. “మడిచిన మూల. పనికిరాదు.”

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఒక్కటే అంది. “కోసిన చోట కొన్నాళ్లకి నోరు తెరుచుకుంటుంది. చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా?”

మర్నాటి నుంచి కోసింది. మళ్లీ ఎప్పుడూ మడవలేదు.

నేను షాపులో చేరిన రెండో ఏడు నుంచి మా ఫ్యాక్టరీ మానిటర్లు రిపేరుకి రావడం మొదలైంది. అన్నీ కోసిన మూలలే. టేపు విడిపోయి, వెలుతురు కారుతూ, గాజు అంచులు పెచ్చులు లేచి వచ్చేవి. నా మాట విని ఆమె కోసినవి కూడా వాటిలో ఉండేవి. అప్పటికి ఆమె బతికే ఉంది. మంచం దిగలేకపోయేది గానీ రోజూ నేను రాగానే, “ఇవాళ ఏం వచ్చాయి?” అని అడిగేది.

“మామూలే” అనేవాణ్ణి.

నువ్వు చెప్పిందే నిజమైంది అనడానికి ఎంతసేపు పడుతుంది? కాస్త కోలుకున్నాక తీరిగ్గా చెబుదామనుకున్నాను. ఆమె కోలుకోలేదు.

మడిచిన మూల మాత్రం ఇన్నేళ్లలో ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. చెడితే కదా రావడం. ఆమె చేత నేను పాడుచేయించిన పనే రోజూ నా ముందుకొచ్చింది. ఆమె మనసుపెట్టి చేసిన పని ఎవరెవరి ఇళ్లలోనో హాయిగా నడుస్తూ ఉండిపోయింది.

“ఏంటి బావా, కొయ్యబారిపోయావ్?” అంటూ బావమరిది నా భుజం మీదుగా తొంగిచూసి ఆగిపోయాడు. చిన్నప్పుడు అతని పుస్తకాలన్నిటికీ అట్టలు వేసింది ఆమే, మూలలు ఇలాగే మడిచి.

“అక్కదేగా?” అన్నాడు.

తలూపాను.

“నాలుగు మూలలూనా?”

“నాలుగూ.”

వంగి ఒక్కో మూలా తనే చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “విప్పిన ప్యానెల్‌కి పాత టేపు పీకేసి కొత్తది వేయాలని రూలు పెట్టింది నువ్వేగా. పీకి దాచుకో బావా. అక్క చేతిది మన దగ్గర ఇంకేముంది చెప్పు?” అన్నాడు. ఆ వెంటనే పెద్దమనిషిని, “రండి సార్, బయట టీ తాగుతూ మీ పిల్లి సంగతులు చెబుదురుగానీ” అని తీసుకెళ్లాడు. వెళ్తూ లైట్లు ఆర్పి, షట్టర్ కిందిదాకా దించాడు. చీకట్లో పరీక్ష చేయాలని నేను అడగలేదు. అడగకముందే తెలుసుకునే మనిషి ఒకడు నాకు మిగిలాడు.

తెరకి కరెంటు ఇచ్చి, మొత్తం నలుపు పెట్టాను. ఒక్కో మూలకీ మొహం ఆనించి చూశాను. బల్ల మీంచి పడ్డాక కూడా నాలుగు మూలల్లో ఎక్కడా దారమంత వెలుతురు లేదు.

లైటు వేసి బ్లేడు తీసుకున్నాను. మడత చివర పట్టి లేపితే చాలు, నా డబ్బాలో ఉంటుంది. కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చు. కానీ ఇన్నేళ్ల టేపు గాజుని గట్టిగా కరుచుకుని ఉంటుంది. లాగినప్పుడు ఒక్కోసారి అంచు కూడా దానితో లేచి వస్తుంది. ఇప్పుడు ఈ గాజుని కాపాడుతున్నది ఆ మడతే. నేను పెట్టిన రూలు అడ్డం పెట్టుకుని, మళ్లీ ఆమె పనిని పాడుచేయబోతున్నాను.

గోటి గుర్తులో నా బొటనవేలు పెట్టి చూశాను. పట్టలేదు. ఆమెది చిన్న చెయ్యి.

బ్లేడు సొరుగులో పెట్టేసి, కొత్త చట్రం బిగించడానికి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను.

బావమరిది షట్టర్ ఎత్తి లోపలికి వస్తూనే, “తీశావా?” అన్నాడు.

“లేదు. పట్టు బాగుంది.”

“బావా!”

“బాగున్నదాన్ని పీకమంటావా?”

“ఫొటో అయినా తీస్తానుండు.” రెండుసార్లు తీశాడు. నలుపు మీద నలుపు, ఏమీ పడలేదు. ఫ్లాష్ వేస్తే తెల్లటి మెరుపు పడింది. ఫోను జేబులో పెట్టేసుకుని, “బిగించు” అన్నాడు.

బిగించాను. రిపేరు చీటీ మీద టేపు అన్న గడిలో “మార్చాను” అని రాయాలి. “మడిచిన మూల. ఇదే సరైనది” అని రాసి, సంతకం చేశాను.

పెద్దమనిషి లోపలికొచ్చి, కళ్లజోడు పైకెత్తి చదివాడు. దిద్దడానికి ఏమీ దొరకలేదు కాబోలు, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మళ్లీ ఎప్పుడు తీసుకురమ్మంటారు?”

“అక్కర్లేదండీ. ఇంక రానక్కర్లేదు.”

“అంత గట్టిగా చెప్తున్నారు, పిల్లి ఇంకా మా ఇంట్లోనే ఉంది.”

“లోపల అంచులు మా ఆవిడ చేసింది.”

“అలాగా! ఇన్నేళ్లూ నా కళ్లని కాచింది ఆవిడేనన్నమాట.” దుప్పటి నాలుగు వైపులా చుట్టి, మానిటర్‌ని గుండెకి ఆనించుకున్నాడు. “నా మాటగా చెప్పండి ఆవిడకి, చాలా బాగా చేశారని.”

“చెబుతాను,” అన్నాను.

బావమరిది అటు తిరిగి, అప్పటికే పూర్తిగా ఎత్తి ఉన్న షట్టర్‌ని ఇంకా పైకి నెడుతున్నాడు.