పదకొండో పని

పొద్దున తొమ్మిదిన్నరకే ఆమె ఆరో పనికి వచ్చేసింది. కంప్యూటర్ తెర కింద అతికించిన పసుపు అట్టముక్క మీద ఆరో వరుస దగ్గర ఎడమ చూపుడువేలు ఆనించి, కుడిచేత్తో మౌస్ కదుపుతోంది. పద్నాలుగేళ్లుగా అదే అట్ట, అదే వేలు. అంచులు పీచు తేలాయి. వేలు ఆనే చోట్ల రంగు పోయి నల్లబడింది.

ఆ కంపెనీ చేసేది ఆఫీసుల్లో వాళ్లు తమలో తాము మాట్లాడుకునే యాప్. మెసేజీలు, మీటింగులు, ఫైళ్లు అన్నీ అందులోనే. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి కొత్త మార్పులు కస్టమర్లకు వెళతాయి. అంతకుముందు పదకొండు పనులు ముగించి, వెళ్లొచ్చో లేదో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆమె సరేననందే ఏదీ గడప దాటదు కాబట్టి డెవలపర్లు ఆమె వెనకాల 'గడియమ్మ' అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు నచ్చింది కూడా.

ఇది ఆమెకు ఆఖరి గురువారం. ఇక గడియతో పనిలేదని మేనేజరు తేల్చేశాడు.

ఎనిమిదేళ్ల కిందట అతను ఆమె పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నాడు. ఒకసారి ఆమె చూడకముందే తన మార్పును బయటికి తోసేశాడు. ఇద్దరి మధ్య ఉండాల్సిన మెసేజీలు ఒక ఆఫీసంతటికీ కనిపించాయి. మెట్ల దగ్గర ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"అక్కా, పెళ్లయి నెల కాలేదు. నువ్వు చూశాకే పంపానని చెప్పక్కా. చచ్చి నీ కడుపున పుడతా."

ఆమె అలాగే చెప్పింది. ఆ ఏడాది ఆమెకు రావాల్సిన ప్రమోషన్ అతనికి వచ్చింది. మర్నాటి నుంచి అక్క కాస్తా మేడమ్ అయింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. ఆ తెప్ప వల్లే ఆలస్యమవుతోందని పైవాళ్లకు రిపోర్టు రాసినవాణ్ణి మాత్రం ఇతన్నే చూసింది.

"పోనీలేవే. నవ్వుతూ వచ్చెయ్," అన్నాడు పొద్దున భర్త, ఆమె డబ్బా మూత బిగిస్తూ.

"ఇన్నేళ్లు నవ్వాగా. ఏం ఒరిగింది?" అంది.

మధ్యాహ్నానికి పదో పని అయింది. మిగిలింది పదకొండోది. మార్పులు పరీక్షించడానికి కంపెనీ లోపల ఒక ఉత్తుత్తి ఆఫీసు ఉంది. డెవలపర్లు అందులో నోటికొచ్చింది రాసి, మెసేజ్ చేరిందో లేదో చూసుకుంటారు. అక్కణ్ణుంచి కస్టమర్ల దగ్గరికి ఒక దారి ప్రతి బుధవారం దానంతటదే తెరుచుకుంటుంది. గురువారం నాలుగింటిలోపు ఎవరో ఒకరు దాన్ని మూయాలి. మూయకపోతే ఆ రాతలన్నీ, రాసినవాళ్ల పేర్లతో సహా, కస్టమర్ల తెరల మీద వాలతాయి. ఇన్నేళ్లుగా మూస్తున్నది ఆమె ఒక్కతే.

ఆ రాతల్లో సగం మేనేజరువే. కస్టమర్లలో ఆస్పత్రి పెద్దాయన్ని 'నత్తి నక్క' అన్నాడు. బ్యాంకు మేడమ్‌ని 'రంగేసుకున్న రాక్షసి' అన్నాడు. నిన్న రాసింది ఆమె గురించి: 'గడియకు తుప్పు పట్టింది. రేపటితో పీకి పారేస్తున్నాం.'

నిన్న అది రెండుసార్లు చదివింది. రాత్రి అన్నం సహించలేదు.

రెండింటికి అప్పగింతల మీటింగు. అతను తయారుచేసిన ఫారంలో పదే గళ్లు. పదకొండోది అతనికి గుర్తే లేదు. పదీ నింపి ఇచ్చింది. అతను ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"అంతేనా మేడమ్?"

"నా అట్ట మీద ఇంకొకటుంది సార్. ఒకసారి వచ్చి చూస్తారా?"

చూస్తానంటాడేమోనని ఆమె భయం. అతను చూస్తానంటే ఆ దారి మూసే తీరాలి. ఆ మాట తనకు తానే ఇచ్చుకుంది.

"ఆ అట్టముక్కలతో మనకేం పని? ఫారంలో లేనిది లేనట్టే. మీ టేబుల్ కూడా ఖాళీ చేయించమని చెప్పాను."

"అలాగే సార్. మీ మాటే."

కాళ్లనొప్పి మీద వేణ్నీళ్లు పోసినంత హాయిగా ఉంది. జాలి ఏమైనా మిగిలిందా అని లోపల వెతుక్కుంది. లేదు.

మూడున్నరకు కప్పు, స్వెటరు, చెప్పులజత సంచిలో పెట్టుకుంది. అట్ట అంచు కింద గోరు పెట్టి, మళ్లీ తీసేసింది. పట్టుకుపోతే రేపు ఆమెదే తప్పంటారు. లేచిన అంచుని బొటనవేలితో గట్టిగా అదిమింది. ఇద్దరు డెవలపర్లు కుర్చీల్లోంచి సగం లేచి, "టచ్‌లో ఉండండి మేడమ్," అన్నారు. తల ఊపి లిఫ్టు ఎక్కింది.

నాలుగూ ఏడు నిమిషాలకు బస్సులో ఫోన్ మోగింది. తెర మీద 'తమ్ముడు' అని ఉంది. ఎనిమిదేళ్ల కిందట పెట్టుకున్న పేరు, మార్చనేలేదు. మూడోసారి మోగాక తీసింది.

"అక్కా! బ్యాంకావిడ లైన్లో ఉందక్కా. అంతా వెళ్లిపోతోంది. ఎలా ఆపాలక్కా?"

"రాసే ఉంది నాయనా. తెర కింద, అట్ట మీద. పదకొండోది."

ఫోన్ కట్టేసి సంచిలో వేసుకుంది. తన స్టాపులో దిగి ఇంటిదారి పట్టింది.

అతని ఆర్డరు ప్రకారం టేబుల్ మూడూముప్పావుకే ఖాళీ అయింది. వరండా చివర నల్ల చెత్తసంచిలో, తడి టీకప్పుల కింద, పసుపు అట్ట ముడుచుకుని ఉంది, పదకొండో వరుస మీద వేలంత నల్లటి మరకతో.