మచ్చుకి కొన్ని పాపాలు

ఏడో రోజున దేవుడు విశ్రాంతి తీసుకున్నాడని పిల్లలకి పాఠం చెప్పే కృపావతి, ఆ ఏడో రోజునే అన్ని రోజులకంటే ముందు లేవాలి. ఆ ఆదివారం కూడా వెలుగు రాకముందే లేచింది. అత్తగారి కింద తడిసిన దుప్పటి లాగి, ఒళ్ళు తుడిచి, పొడి చీర చుట్టి, ఇప్పుడు పెరట్లో కుళాయి దగ్గర ఆ దుప్పటిని కాళ్ళతో తొక్కుతోంది. ఈస్టరుకి ముందు ఉపవాసాల తపఃకాలం వచ్చినా అరకు కొండల్లో చలి పూర్తిగా పోలేదు. కొండవాగు గెడ్డ నుంచి గొట్టంలో దిగివచ్చే నీళ్ళు పాదాలని కొరుకుతున్నాయి. నడుం పట్టేసింది.

"పిల్లలకి పాఠాలట! ఇంట్లో ముసిల్దానికి గుక్కెడు గంజి నేదు గానీ" అంది లోపల్నుంచి పైడమ్మ.

గంజి పొయ్యి మీద ఉడుకుతూనే ఉంది, ఆ వాసన పైడమ్మకి తగులుతూనే ఉంది. వానాకాలంలో గెడ్డ గట్టున జారి తుంటి విరిగిన దగ్గర్నుంచీ ఆమె ఒంట్లో బలమంతా నోటికే చేరింది. అత్తగారి మీద కృపావతికి కోపం లేదు. పడుకున్న చోటి నుంచి కదల్లేని మనిషికి మాట తప్ప ఇంకేం మిగిలింది? కోపమంతా అరుగు మీద కూర్చుని తీరిగ్గా కాఫీ తాగుతున్న మనిషి మీద. ఆయన పైడమ్మ కన్నకొడుకు, కృపావతి మొగుడు, చుట్టుపక్కల ఊళ్ళ కతోలికులందరూ ఒకే చర్చి కిందికొచ్చే విచారణకి ఈమధ్యే పాలకమండలి అధ్యక్షుడైన బర్నబా.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు" అన్నాడాయన, గ్లాసు కింద పెడుతూ.

ఈ సామెత చెప్పేవాళ్ళెవరూ ఇంట గెలవడమంటే ఏమిటో చెప్పరు. ఎవరి మీద గెలవాలో, ఆ పందెం ఎప్పటికి ముగుస్తుందో అసలే చెప్పరు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆడుతున్నా కృపావతికి ఒక్కసారైనా నెగ్గినట్టు గుర్తులేదు.

"క్లాసు మానియ్యాల కృపా. అమ్మని సూసీవోళ్ళు నేరని ఊరంతా అనుకుంతన్నారు."

"ఆదివారం ఆ కాసేపే కదండీ. మిగతా రోజులు అంగన్‌వాడీకి వెళ్తే ఎవరూ ఏమీ అనరే?"

"అది ఉజ్జోగం. జీతమొత్తాది. ఇది ఊరికే సేసీది కదేటి?"

"అయితే ఫాదర్‌గారికి మీరే చెప్పండి."

బర్నబా మీసం నిమురుకున్నాడు. "నాను సెప్తే ఏటి బాగుంటాది? మా ఇంటిది సేత్తాదని మీటింగులో లేచి సెప్పినోడ్ని నానే. నువ్వే సెప్పు. శుక్కురవారం పాపసంకీర్తనానికి ఎళ్తావు కదా, అక్కడ సెప్పు. ఇల్లు సూసుకోలేకపోతన్నాను, తప్పు నాదేనని సెప్పు. అక్కడి మాట ఫాదర్‌గారు బయటకనరు. నా పరువూ నిలబడతాది."

దేవుడి ముందు మనసు విప్పుకునే చోటుని మొగుడి పరువు దాచుకునే అటకగా వాడుకోవచ్చని ఆ కొండల్లో మొదట కనిపెట్టినవాడు బర్నబాయే అయ్యుంటాడు. కృపావతి దుప్పటి పిండి తీగ మీద వేసింది. వాదించాలన్నా ఓపిక ఉండాలి కదా.

నిజానికి ఈ క్లాసు ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. కుర్రాళ్ళకి సత్యోపదేశం చెప్పే ఉపదేశిగారు మైదానానికి వెళ్ళిపోయాక, వాళ్ళనెవరు చూస్తారని ఫాదర్‌గారు అడిగితే, "మా ఇంటిది సేత్తాది, ఖాళీయే కదా" అన్నాడు బర్నబా. ఖాళీ అన్న ఆ మాట ఆమెకి చాలారోజులు ముల్లులా గుచ్చుకుంది. మొదట్లో పుస్తకంలో ఉన్నది చదివి వచ్చేసేది. అంతవరకూ ఆమె దేవుడు ఆమె మామగారికి అన్నలాంటివాడు. కూరలో ఉప్పు తక్కువైందా, ప్రార్థనకి ఆలస్యమైందా అని మాత్రమే చూసేవాడు. పిల్లలు ప్రశ్నలు మొదలుపెట్టారు. వంట అయ్యిందా, చొక్కా ఎక్కడ పెట్టావు అన్నవి తప్ప జీవితంలో ఆమెని ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు. పొరుగింటి నవీన్ ఓరోజు, "యేసు స్వామికి ఎప్పుడైనా అలుపొచ్చీదా టీచర్?" అన్నాడు. తెలీదు, చూసి చెప్తానంది. పొయ్యి ముందు కూర్చుని బైబిల్లో వెతుకుతుంటే దొరికాడాయన, నడిచి నడిచి అలసిపోయి, నూతి గట్టున కూలబడి, నీళ్ళకొచ్చిన ఆడమనిషిని కాసిని నీళ్ళు పొయ్యమంటూ. ఎన్నిసార్లు చర్చిలో విన్న కథో అది. ఆయన అలసిపోయిన సంగతి మాత్రం ఆ వేళే కనబడింది. అలసిపోయినందుకు ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. కృపావతి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తనకంటూ ఒక దేవుడు దొరికింది ఆ పిల్లల వల్లే. ఇప్పుడు వాళ్ళని వదిలెయ్యమంటే, ఉన్న ఒక్క కిటికీ మూసెయ్యమన్నట్టే ఉంది.

ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో చాపలు పరిచి పిల్లలు కూర్చున్నారు. ఈస్టరు, అదే పాస్క పండుగ తర్వాత మేత్రాణులవారు, అంటే బిషప్పుగారు వచ్చి, వీళ్ళని విశ్వాసంలో స్థిరపరుస్తూ నుదుటన తైలం పూసి భద్రమైన అభ్యంగనం ఇస్తారు. దానికి ముందు ఈ శుక్రవారం అందరూ పాపసంకీర్తనం చెయ్యాలి.

"మీ సొంత పాపాలు నాకు చెప్పకండి, అవి ఫాదర్‌గారికే" అంది కృపావతి. "ఎలా చెప్పాలో అలవాటవడానికి మచ్చుకి ఒక్కోటి చెప్పండి."

నవీన్ లేచి, "ఫోన్లో ఆట ఆడుకుంటా పూజకి రానేదు" అన్నాడు. ఐజాక్ పక్కవాళ్ళ చెట్టెక్కి పనసకాయ కోసేశాడట. అది మచ్చు కాదని, నిజంగా జరిగిందేనని అందరికీ తెలిసి వసారా అంతా నవ్వులే. తర్వాత ఆడపిల్లల వంతు వచ్చింది.

"తమ్ముడు తినకముందే నాను తినీసినాను" అంది ఏంజెలిన్.

డాలీ లేచింది. వాళ్ళమ్మ కాఫీ తోటలో కూలికి పోతుంది. ఇంటికి నీళ్ళు మోసేదీ, తమ్ముళ్ళకి అన్నం వండేదీ, ఆ తర్వాత బడికి పరిగెత్తేదీ డాలీయే. చేతులు కట్టుకుని, తల దించుకుని, "నీళ్ళకెళ్ళమంటే నాకు అలుపొచ్చింది" అంది.

"అలుపు రావడం పాపమేటే గుంటా?" అని నవీన్ పకపకా నవ్వాడు.

"పాపమే. పోయినేడు టీచరే సెప్పినారు" అంది డాలీ.

అవును, తనే చెప్పింది. పోయినేడాది మచ్చు అడిగితే పిల్లలు సిగ్గుపడి నోరు మెదపకపోయేసరికి, తన పాపాల్లోంచే కొన్ని తీసి ఇచ్చింది. ఇంటి పని చెయ్యడానికి విసుగుపడ్డాను. అలుపొచ్చి కాసేపు పడుకున్నాను. అత్తమామల ముందు మొహం ముడుచుకున్నాను. మొగుడు అరిస్తే మనసులో తిట్టుకున్నాను. ఇవే ఆమె తల్లి చెప్పుకున్న పాపాలు, బహుశా తల్లికి తల్లివి కూడా. చీరలకంటే, చెంబులకంటే భద్రంగా తల్లుల దగ్గర్నుంచి కూతుళ్ళకి వచ్చాయి. కృపావతి పిల్లల వంక చూసింది. మగపిల్లలు చెప్పినవన్నీ వాళ్ళు చేసిన పనులు. ఆడపిల్లలు పాపం ఏమీ చెయ్యలేదు. వాళ్ళకి ఆకలేసింది, అలుపొచ్చింది, అంతే. పద్నాలుగేళ్ళ పిల్ల బిందె మోసి అలసిపోయినందుకు దేవుడి ముందు తల దించుకుని నిలబడింది. ఇది కాదురా పాపం అని చెప్పబోయి ఆగింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఏం చెప్పి విప్పాలి ఆ ముడి? అది ఒక్క ఆదివారంతో తేలేది కాదు. ఆమెకి మిగిలింది, మొగుడి లెక్క ప్రకారం, ఆ ఒక్క ఆదివారమే.

"కూర్చో డాలీ" అని మాత్రం అంది.

ఆ వారమంతా ఎప్పట్లాగే గడిచింది. అంగన్‌వాడీలో పిల్లలకి తిండి పెట్టి, బరువులు తూచి, ఫొటోలు తీసి ఫోన్లో ఎక్కించబోతే సిగ్నల్ లేక ఎక్కలేదు. గుట్టెక్కి చెయ్యెత్తి నిలబడితే ఎక్కాయి. ఆలస్యమెందుకైందని సూపర్‌వైజరమ్మ అందరి ముందూ అడిగితే, "తప్పయిపోయింది మేడం" అంది. అన్నాక తన మాట తనకే కొత్తగా వినిపించింది. కొండకీ టవరుకీ మధ్య ఏదో జరిగితే తప్పు తనదెలా అయింది? ఆ రోజు నుంచి లెక్క పెట్టకుండానే గమనిస్తూ వచ్చింది. గంజి చల్లారితే తప్పు తనది. కాఫీ గింజలు ఆరబెట్టిన పరదా మీదికి మేకలొస్తే తప్పు తనది. బర్నబా తువ్వాలు బర్నబాకి కనబడకపోయినా తప్పు తనదే. ఆయనకి గుర్తు చెయ్యవలసిన అవసరం కూడా లేకుండా ఆమె నోరే ముందుకొచ్చి ఒప్పేసుకుంటోంది.

శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన అయ్యాక, చర్చిలో ఓ మూల తెర కట్టి, దాని వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఫాదర్‌గారు కూర్చున్నారు. చిన్నవాడు, సెమినరీ నుంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అప్పటికే ఇంకో ఊరి పాపాలు విని, బండి మీద కొండెక్కి వచ్చాడు. పిల్లలంతా వెళ్ళాక కృపావతి మోకరించింది.

నాలుక దానంతటదే మొదలుపెట్టింది. "భర్తకి ఎదురు చెప్పాను. పని చెయ్యడానికి విసుగుపడ్డాను. అలుపొచ్చి..."

అక్కడ ఆగిపోయింది.

"చెప్పండమ్మా" అన్నాడు ఫాదర్.

"ఇవి నా పాపాలు కావు ఫాదర్. నాది వేరే ఉంది. అలసిపోవడం పాపమని ఆడపిల్లలకి నేర్పాను. నాకెవరో నేర్పారు, నేను వాళ్ళకి నేర్పాను. ఆ క్లాసు మానేస్తానని మీకు చెప్పి రమ్మని నన్ను పంపారు. తప్పు నాదేనని చెప్పమన్నారు. చెప్పను. ఆ పిల్లలకి నేర్పింది విప్పాలంటే నేను అక్కడే ఉండాలి."

తెర వెనక ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. ఇలాంటిదానికి ఏం చెప్పాలో సెమినరీలో నేర్పి ఉండరు. చివరికి మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమని, పాపవిమోచన మంత్రం చదివి, ఆశీర్వదించాడు. ఆమె లేస్తుంటే, "ఈ కొండెక్కి వచ్చేసరికి నాకూ అలుపేనమ్మా" అన్నాడు మెల్లగా. ఆ అలుపు గురించి ఆయన ఎన్నడూ ఏ గురువు ముందూ మోకరించి ఉండడని కృపావతికి తెలుసు.

ఇంటికొచ్చేసరికి బర్నబా అరుగు మీదే ఉన్నాడు. ఆమె వంటింట్లోకి పోకుండా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ వేళప్పుడు ఆమె కూర్చోవడం ఆయన చూడలేదు.

"ఏటే, కూకున్నావేటి?"

"అలుపొచ్చింది."

ఆ మాట అంత తేలిగ్గా వచ్చేస్తుందని ఆమె అనుకోలేదు. ఎవరూ చచ్చిపోలేదు.

"ఫాదర్‌గారికి సెప్పీసినావా మరి?"

"చెప్పాను. క్లాసు మాననని చెప్పాను. ఆదివారం వెళ్తాను, ఆ పై ఆదివారమూ వెళ్తాను."

"మరి అమ్మనెవలు సూత్తారు?"

"ఆదివారాలు మీరు చూస్తారు. గంజి పట్టడం, పక్క మార్చడం, ఒత్తిగిలి పడుకోబెట్టడం."

బర్నబా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "ఆడోళ్ళ పనులు నాకేటి తెలుత్తాయే?"

"నాకూ తెలీకుండానే వచ్చానండీ ఈ ఇంటికి" అంది కృపావతి. "నేర్పుతాను. రేపు పొద్దున్న మీకు క్లాసు, బేగి లేవండి."