పొడుం డబ్బా మీద తాయారు

జగ్గయ్యపేటలో బొమ్మ కావాలంటే సీతారామాంజనేయులు గడప తొక్కాల్సిందే. కిరాణా కొట్టుకు బోర్డు, నాటకం కంపెనీకి అడవి తెర, సాంబ్రాణి పొట్లానికి లేబిలు, ఏదడిగితే అది వేసేవాడు. ముక్త్యాల ఆసామి ఒకాయన చచ్చిపోయిన తన ఎద్దు బొమ్మ వేయించుకుని, దాన్ని పట్టుకుని ఏడ్చి మరీ వెళ్ళాడు.

ఎవరికీ వెయ్యని బొమ్మ ఒకటి మాత్రం ట్రంకుపెట్టె అడుగున ఉంది. అది ఆయన భార్య తాయారుది. ఆవిడ పోయి మూడేళ్ళు. చిన్నప్పుడు అమ్మవారు పోసి బుగ్గల నిండా మచ్చలు పడ్డాయని ఏనాడూ ఫోటో దిగలేదు. మంచాన పడ్డాక మాత్రం తానే అడిగింది.

"మీరైతే వెయ్యండి. పరాయివాళ్ళకి చూపించమాకండి. మచ్చలు ఎగ్గొట్టమాకండి, అవి లేకపోతే అది నేను కాదు."

ఏటా తద్దినం నాడు ఆ కాగితం బయటికొచ్చేది. తాయారు తల్లి జ్ఞానప్రసూనాంబకు చూపు పోయింది. కాగితం ఒళ్ళో పెడితే వేళ్ళతో తడిమేది. "ఇది కన్ను, ఇది ముక్కు" అని అల్లుడు చెబుతుంటే కళ్ళు తుడుచుకునేది.

ఈ ఏడు మాఘమాసంలో తిరుపతిరావు వచ్చాడు. చిన్ననాటి స్నేహితుడు, తెరలు గీయడంలో తోడు, తాయారు చేతి వంట ఏళ్ళ తరబడి తిన్నవాడు. "మా అమ్మ ఇవాళో రేపో అన్నట్టుందిరా. తాయారుని ఒక్కసారి చూస్తానంటోంది. రేపే తెచ్చిస్తా" అన్నాడు. తిరుపతిరావు పరాయివాడా ఏమన్నా! ఆంజనేయులు ఇచ్చేశాడు. మూడో రోజున గుడ్డలో చుట్టి తెచ్చిస్తే, విప్పి చూడకుండానే పెట్టెలో పెట్టుకున్నాడు. ఎంత వెర్రిబాగులవాడు!

తద్దినానికి ముందురోజు బోర్డు పని మీద నందిగామ వెళ్ళాడు. అక్కడి కొట్టు అరుగు మీద కొత్త ముక్కుపొడుం డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి డబ్బా మీదా తాయారు. అవే కళ్ళు, అదే ముక్కు. బుగ్గలు మాత్రం నున్నగా, గులాబీ రంగులో ఉన్నాయి.

"తిరుపతిరావుగారు గీశారండి. ఆ మొహం చూసే కొంటున్నారు జనం" అన్నాడు కొట్టాయన.

బస్సు దిగుతూనే తిరుపతిరావు ఇంటికి వెళ్ళి, కొనితెచ్చిన డబ్బా వాడి ముందు పడేశాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా!"

తిరుపతిరావు తొణకలేదు. "పెట్టెలో చెదలు పట్టే బొమ్మని జిల్లా అంతా చూస్తోంది. అందులో తప్పేముందిరా? నీ గీత నా చేతికి రాదు, అందుకని పొడిచి దించా."

"మరి మచ్చలో?"

"మచ్చల మొహం చూసి పొడుం ఎవడు కొంటాడ్రా?"

పొడిచి దించడమంటే ఏమిటో ఆంజనేయులికి తెలియనిది కాదు. తెరల మీదికి బొమ్మ ఎక్కించేది అలాగే. గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, పైన బొగ్గుపొడి అద్దుతారు. అయితే దానికి ముందు నకలు తీసుకుంటారు. అసలు కాగితాన్ని ఎవడూ పొడవడు.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి, కాగితాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. కళ్ళు, పెదాలు, బుగ్గల అంచులు, అన్నీ చిల్లులే. పరాయివాళ్ళకి చూపించొద్దన్న మాట తనే తప్పాడు. వాణ్ణి తిట్టే మొహం కూడా మిగల్లేదు.

మర్నాడు తద్దినం భోజనాలయ్యాయి. "తిరుపతి రాలేదేం నాయనా? ఏటా వచ్చేవాడే" అంది ముసలావిడ. ఆవిడ చేతులు చాపితే కాగితం ఇవ్వక తప్పలేదు.

వేళ్ళు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. బుగ్గల అంచుల దగ్గర చాలాసేపు నిలిచాయి. ముడతలు పడ్డ ఆ మొహం ఒక్కసారిగా విప్పారింది.

"నా కోసమా నాయనా? మచ్చలు చేతికి తగిలేట్టు చేశావా? ఇదిగో, ఇదిగో, అన్నీ తగులుతున్నాయి! మూడేళ్ళకి నా పిల్ల మళ్ళీ చేతికి దొరికింది."

ఆంజనేయులు పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అవునత్తయ్యా" అన్నాడు. "మీ కోసమే."