మూలన కూర్చున్న చెవి

అదే గొంతు మగవాడికి ఉంటే గంభీరం, ఆడదానికి ఉంటే బొంగురు. ఈ సూత్రం ఏ వ్యాకరణంలోనూ లేదు గానీ ఢంకాకి పదేళ్ళ వయసు నుంచీ కంఠతా వచ్చు. ఢంకా అన్నది పుట్టింటివాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు. ఆ ముద్దు వాళ్ళదే తప్ప తనది కాదని ఆమె అప్పుడప్పుడూ గుర్తుచేస్తుండేది. పెళ్ళయ్యాక పెట్టెతో పాటు ఆ పేరూ అత్తవారింటికి వచ్చేసింది. ఫోను ఎత్తి హలో అంటే అవతలివాళ్ళు "సార్, మేడమ్ ఉన్నారా" అని అడిగేవారు. మనసు బాగుంటే నేనేనండీ అనేది. బాగోకపోతే మేడమ్ స్నానానికి వెళ్ళిందని చెప్పి పెట్టేసేది.

ఈ గొంతుతో ఆమె ఎవరికీ ఏ ఉపకారమూ చేయలేదని కాదు. అత్తగారికి రెండేళ్ళుగా చూపు మసక. పేపరు మొదలుకొని నవలల దాకా కోడలే చదివిపెట్టేది. ఢంకాకి తీరిక లేని పూట ఆవిడ, వినే పుస్తకాల లైబ్రరీవాళ్ళు పంపిన రికార్డుల డబ్బా పెట్టుకునేది. ఆ లైబ్రరీ చూపు లేనివాళ్ళ కోసం నవలలు చదివించి, రికార్డు చేసి పంపుతుంది. కార్డు ఉంటే చాలు, ఎన్నైనా వినచ్చు. అత్తగారికి కార్డు ఉంది, ఫిర్యాదు కూడా ఉంది.

"వీళ్ళకి చదివేవాళ్ళందరూ పిచ్చుకలే దొరికారేంటమ్మాయ్. దొంగల నాయకుడు కూడా కిచకిచమంటున్నాడు. నువ్వు చదవరాదూ వాళ్ళకి?"

ఆ మాట ఢంకా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా, నీ గొంతు పనికొస్తుందని ఇంట్లో ఎవరైనా అనడం అదే మొదటిసారి. మరుసటివారమే దరఖాస్తు పెట్టింది. లైబ్రరీ నియమం సూటిగా ఉంది: ఇంట్లోనే ఒక అధ్యాయం చదివి పంపాలి, మూడు అవకాశాలు, మూడూ పోతే పేరు కొట్టేస్తారు, మళ్ళీ దరఖాస్తు ఉండదు.

ఇంట్లో ఖాళీగా ఉన్నది వెనకవైపు చిన్న గది. పదడుగులకి పదడుగులు, సున్నం వేసిన ఉత్త గోడలు. కిటికీకి దూరంగా, రోడ్డు చప్పుడు వినపడకుండా ఒక మూలన బల్ల వేసుకుని, మైకు పెట్టుకుని చదివింది. పదిరోజులకి జవాబు వచ్చింది. కింద నాణ్యతాధికారి సంతకం. గొంతు మరీ బరువుగా ఉంది, కుండలో తలపెట్టి చదివినట్టుంది, కాస్త పలచగా, ఆడగొంతులా చదివి పంపగలరు అని.

ఆడదాని గొంతు ఆడగొంతు కాకపోతే మరేమిటని ఢంకా చాలాసేపు ఆలోచించింది. ఆమె భర్త బళ్ళో లెక్కలు చెబుతాడు. ఏ సమస్యకైనా జవాబు పుస్తకం చివరి పేజీలో ఉంటుందని ఆయన నమ్మకం. ఆ రాత్రే ఫోనులో వెతికి, స్టూడియోల్లో గోడలకి అంటించే నల్ల స్పంజి పలకలు తెప్పించాడు. ఒక్కోటి మూరెడు వెడల్పు, రెండంగుళాల మందం, మీద గుడ్లట్రేలాగా గుంటలూ మిట్టలూ. ఆదివారమంతా నిచ్చెన మీదే ఉండి నాలుగు గోడలకీ అంటించాడు. జిగురు తలుపు గొళ్ళానికీ, ఆయన కళ్ళజోడుకీ కూడా అంటింది. గదిలోకి వెళ్ళి ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది. ఆయన సంతోషానికి హద్దు లేదు.

రెండో జవాబు ఇంకా పొట్టిగా ఉంది. గొంతు మరింత బరువెక్కింది, కుండలో తలపెట్టి, పైన దుప్పటి కప్పుకుని చదివినట్టుంది, ఇంకొక్క అవకాశమే మిగిలింది.

భర్త తన జవాబు తప్పయినప్పుడు చేసే పనే చేశాడు, ప్రశ్నను తప్పు పట్టాడు. గొంతు కాస్త ఎత్తి చదివితే పోయేదేముందోయ్ అన్నాడు. ఊరికే ప్రయత్నించి చూద్దామని ఢంకా గొంతెత్తి నాలుగు వాక్యాలు చదివింది. పక్కగదిలోంచి అత్తగారు, ఎవరమ్మాయ్ వచ్చింది, తలుపు తియ్యి, అంది. దానితో ఆ ముచ్చట తీరిపోయింది.

"గొంతు మార్చను. కావాలంటే మిగతాదంతా మారుస్తాను, అది మాత్రం మార్చను," అంది ఢంకా.

వీధి చివర మైకుసెట్టు ఆయన ఉన్నాడు. నలభై ఏళ్ళుగా సభలకీ పెళ్ళిళ్ళకీ మైకులు పెట్టి, సగం ఊరి ఉపన్యాసాలు విని బతికి బయటపడ్డ మనిషి. ఢంకా పిలిస్తే వచ్చాడు. గది మధ్యలో నిలబడి చుట్టూ చూసి, మీ ఆయన దోమతెర కట్టి ఏనుగుని పట్టుకుందామనుకున్నాడమ్మా అన్నాడు. తర్వాత పనివాడిలా విడమరిచి చెప్పాడు. శబ్దం అలలుగా వస్తుంది, సన్న శబ్దం అల పొట్టిది, ఈ స్పంజి దాన్ని మింగేస్తుంది. లావు శబ్దం అల ఆరేడడుగుల పొడుగుంటుంది, రెండంగుళాల స్పంజి దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. గోడకీ గోడకీ మధ్య అటూ ఇటూ కొట్టుకుని, చివరికి మూలల్లో చేరి కూర్చుంటుంది. మీ గొంతులోని సన్నదనమంతా స్పంజి తినేసింది, లావంతా మిగిల్చింది. అన్నం వార్చి గంజి వడ్డించినట్టన్నమాట.

"చూపిస్తా రండి," అని ఆయన గది మధ్య నిలబడి నోరు మూసుకుని కిందిస్థాయిలో 'మ్...' అని ఒకే తీరుగా పలుకుతూ మూల వైపు నడిచాడు. మూలకి చేరేసరికి ఆ 'మ్' దానంతటదే పొంగింది. గోడలోపల ఇంకెవరో శ్రుతి కలిపినట్టుంది. ఢంకా కూడా చేసి చూసింది. ఆమె 'మ్'కి ఏకంగా కిటికీ గొళ్ళెం వణికింది. సరిగ్గా ఆ మూలనే ఆమె బల్ల వేసుకుంది, మైకు పెట్టుకుంది.

"ఇంతకాలం నా గొంతు అనుకున్నదాంట్లో సగం ఈ మూలదేనన్నమాట," అంది.

"సగం కంటే ఎక్కువే. దీనికి మందు మూలలోనే వెయ్యాలి. బేస్ ట్రాప్ అంటారు. బోను అనుకోండి."

బోనులు ఇంట్లోనే తయారయ్యాయి. కొలిమిల దగ్గర వేడి ఆపడానికి వాడే రాతినూలు మందపాటి దిమ్మెలుగా దొరుకుతుంది. దాన్ని మూలకి సరిపడేలా ముక్కోణాలుగా కోసి, నేల నుంచి కప్పు దాకా ఒకదానిమీద ఒకటి పేర్చి, నూలు రేగకుండా పాత దుప్పట్లతో బిగించి కుట్టారు. కోసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని మైకుసెట్టు ఆయన మరీమరీ చెప్పాడు. భర్త కట్టుకోలేదు. రెండురోజులు గోక్కుంటూ లెక్కలు చెప్పాడు. అత్తగారు చేత్తో తడిమి చూసి, నలుగురు లావుపాటి చుట్టాలు వచ్చి నాలుగు మూలలా నిలబడ్డట్టుంది, కాఫీలు అడగరు కదా, అంది. సగం స్పంజి పీకేశారు. బల్ల మూలలోంచి బయటికి వచ్చింది.

ఢంకా మళ్ళీ చదివింది. ఎప్పటి గొంతుతోనే, ఎప్పటి బరువుతోనే. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదట్నుంచీ విన్నది. గొంతు లావుగానే ఉంది, కానీ ఒక్క అక్షరం కూడా ఇంకోదాని మీద పడటం లేదు. తన గొంతుని ఆమె మొదటిసారి విడిగా విన్నది. అత్తగారికి వినిపిస్తే ఆవిడ అధ్యాయం అయిపోయేదాకా కదలలేదు. అయ్యాక, తర్వాతేమైంది, అంది. ఆవిడ ఇచ్చే కితాబు అంతకు మించి ఉండదు.

మూడో జవాబు వారంలోనే వచ్చింది. గొంతు బరువు తగ్గలేదు, కుండలో తలపెట్టి చదివినట్టే ఉంది, శ్రోతలకు ఇబ్బంది, మూడు అవకాశాలూ పూర్తయినందున పేరు తొలగిస్తున్నాము.

భర్త నిజంగానే బాధపడ్డాడు. పోనీలేవోయ్, వాళ్ళకి రాసిపెట్టి లేదు అన్నాడు. ఢంకా మూడు జవాబులూ బల్లమీద పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చుంది. మొదటిది ఉత్తగది నుంచి వెళ్ళింది, రెండోది స్పంజి గది నుంచి, మూడోది బోనుల గది నుంచి. మూడూ మూడు రకాలని చెవులున్న ఎవడికైనా తెలుస్తుంది. కానీ మూడింట్లోనూ అదే కుండ. ఈ కుండ తన గొంతులో లేదు, ఇప్పుడు తన గదిలోనూ లేదు. మరి ఎక్కడుంది?

మర్నాడు పొద్దున్నే చెప్పులు వేసుకుంటుంటే భర్త ఎక్కడికన్నాడు. కుండ వెతకడానికి అంది. అత్తగారు అప్పటికే చేతికర్ర పట్టుకుని గుమ్మంలో ఉంది.

లైబ్రరీ రెండో అంతస్తులో ఉంది. నాణ్యతాధికారి మంచివాడే, మర్యాదస్తుడు, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. నియమాలు ఆయన రాసినవి కావని చెప్పి, కావాలంటే విని చూడమని ఇద్దరినీ తన గదిలోకి తీసుకెళ్ళాడు. లోపలికి అడుగుపెట్టగానే ఢంకాకి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఇరుకు గది. నేల నుంచి కప్పు దాకా నల్ల స్పంజి, వేలు దూరేంత ఖాళీ కూడా వదల్లేదు. స్పీకర్లు గోడకి ఆనించి ఉన్నాయి. ఆయన బల్ల మూలన, కుర్చీ ఇంకా మూలన, కుర్చీలో కూర్చుంటే తల సరిగ్గా రెండు గోడలూ కలిసేచోట. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తలనొప్పి వస్తుందని ఆయన స్పీకర్లలోనే వింటాడు. పదకొండేళ్ళుగా అక్కడే కూర్చుని విన్నానని కాస్త గర్వంగానే చెప్పాడు.

ఆయన తన కుర్చీలో కూర్చుని, ఆమె మూడోసారి పంపిన అధ్యాయం పెట్టాడు. ఆ మూలలో కుండ మోగింది.

"వింటున్నారుగా," అన్నాడు.

"నాకు సరిగా వినపడలేదండీ. మీరొకసారి లేచి ఇలా వస్తే మీ చోట కూర్చుని వింటాను."

మర్యాదస్తుడు కాబట్టి లేచాడు. ఆయన గది మధ్యకి రాగానే, ఢంకా ఆయన కుర్చీలో కూర్చోకుండా, దాన్ని కాస్త జరిపి ఆ మూలలో నిలబడి 'మ్...' అంది. స్పంజి వెనకాల గోడ పలికింది. అలాగే పలుకుతూ ఆయన దగ్గరికి నడిచి వచ్చింది. 'మ్' మామూలు మనిషి గొంతయి కూర్చుంది. మళ్ళీ మూలకి వెళ్ళింది, మళ్ళీ పొంగింది. ఆయన అటూ ఇటూ తల తిప్పి చూశాడు.

"మీరు చేసి చూడండి," అంది.

ఆయన చేయనన్నాడు. ఆఫీసు సమయమన్నాడు. బయట గుమాస్తాలు వింటారన్నాడు. అయినా నిలబడ్డచోటే ఒకసారి చిన్నగా పలికి చూశాడు, తర్వాత ఆమె వైపు చూడకుండా మూలదాకా నడిచాడు. మూలలో ఆయన పీలగొంతు కూడా ఏదో గొప్ప సభలో అధ్యక్షోపన్యాసంలా వినపడింది. ఆ సంగతి ఆయనకి నచ్చినట్టే ఉంది, ఇంకోసారి పలికాడు.

"ఇప్పుడు గది మధ్య నిలబడి నా అధ్యాయం వినండి. అదే ఫైలు, మీరే నొక్కండి."

ఆయన నొక్కి వచ్చి నిలబడ్డాడు. ఢంకా గొంతు గదిలోకి వచ్చింది, లావుగా, శుభ్రంగా. రెండు పేజీలు నిలబడే విన్నాడు. ఈలోగా నిలబడలేక అత్తగారు గోడ తడుముకుంటూ వెళ్ళి మూలనున్న ఆయన కుర్చీలో కూర్చుంది. కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

"ఇది... ఇంత బాగుందా?" అన్నాడాయన, ఎవరినీ అడగకుండా.

"పదకొండేళ్ళుగా మీరు విన్నది మమ్మల్ని కాదండీ, ఈ మూలని," అంది ఢంకా. "ఇక్కడ కూర్చుంటే పిచ్చుక మనిషిలా వినపడుతుంది, మనిషి కుండలా వినపడుతుంది. అందుకే మీ దగ్గర పిచ్చుకలే మిగిలాయి."

ఆయన ముఖం ఎర్రబడింది. శ్రోతల ఇబ్బంది కూడా చూడాలి కదా అని నసిగాడు.

"శ్రోతని నేనే," అంది మూలలోంచి అత్తగారు. "కార్డు చూపించమంటారా? మీ దొంగల నాయకుడితో నాకు చాలా ఇబ్బందిగా ఉంది."

నాణ్యతాధికారి గొంతు సవరించుకున్నాడు. జరిగింది జరిగింది, మీ విషయంలో ప్రత్యేకంగా మినహాయింపు రాయిస్తాను, వచ్చేవారమే నవల ఇస్తాను, ఈ గది సంగతి మాత్రం మన మధ్యే ఉంటే బాగుంటుంది అన్నాడు. అది మంచి బేరమే. భర్త పక్కనుంటే మోచేత్తో పొడిచి ఒప్పుకోమనేవాడు. ఢంకాకి కూడా ఒక్క క్షణం నోటిదాకా సరే వచ్చింది. ఆ నవల ఆమెకి కావాలి, ఎంత కావాలో ఆమెకే తెలుసు. కానీ బీరువాలో వరసగా పెట్టిన ఫైళ్ళు కనపడ్డాయి. పైన ఎర్రసిరాతో 'బరువు గొంతు' అని రాసి ఉంది.

"వీళ్ళెవరు?" అంది.

"తొలగించినవాళ్ళు."

"ఎంతమంది?"

ఆయన లెక్కపెట్టలేదు. ముప్పయి నలభై మంది ఉంటారన్నాడు.

"నాకు మినహాయింపు వద్దండీ. నా గొంతు తప్పు, పోనీలే పాపమని వదిలేశామని రాసినట్టే అది. వీళ్ళందరినీ మళ్ళీ వినండి, ఆ మూలలోంచి బయటికొచ్చి."

అదంతా ఎప్పటికి తెములుతుంది, పైవాళ్ళకి ఏం చెప్పుకోవాలి అని ఆయన వాదించాడు. మీ మినహాయింపు తీసుకుని వెళ్ళండి, లేకపోతే కాగితం ప్రకారం మీ మూడు అవకాశాలూ అయిపోయాయి, ఆపైన నేనేమీ చేయలేను అని గట్టిగానే చెప్పాడు. ఢంకా విన్నది. బీరువాకేసి ఇంకోసారి చూసింది.

"అయితే నాది అన్నిటికన్నా ఆఖర్న పెట్టండి," అంది.

ఆయన కూర్చుని ఆలోచిద్దామని మూలవైపు వెళ్ళాడు. కుర్చీలో అత్తగారు ఉంది. లేవమని అడుగుదామనుకుని ఆ కర్రకేసి చూసి ఊరుకున్నాడు. చివరికి తలుపు పక్కనున్న మడతకుర్చీ తెచ్చి గది మధ్యలో వేసుకుని, బీరువాలోంచి మొదటి ఫైలు తీసి అందులోని రికార్డు పెట్టాడు.

ఎవరో ఆవిడ చదవడం మొదలుపెట్టింది. ఢంకా గొంతుకన్నా ఇంకా లోతైన గొంతు, వాన వచ్చేముందు ఆకాశంలా ఉంది. ఒక పేజీ అయ్యాక ఆయన, సరే అర్థమైంది అంటూ ఆపబోయాడు.

"చెయ్యి తియ్యండి," అంది అత్తగారు. "కథలో అమ్మాయి బావిలోకి తొంగి చూస్తోంది. ఇప్పుడాపితే ఎలా?"

ఆయన చెయ్యి తీశాడు.